ఏడేళ్లు ఒకే ప్రశ్న

మన కోస్గి పాలిటెక్నిక్ 2024లో ఇంజనీరింగ్ కాలేజీ అయ్యాక, టీ కొట్టు దగ్గర పిల్లల నోట స్టార్టప్ మాట తరచూ వినిపిస్తోంది. సంతోషం. వాళ్లతో మాట కలిసినప్పుడల్లా నేను ఎత్తుకునేది పాత నల్లగొండ జిల్లా శారాజీపేట కథే.

ఆ ఊరి చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి చీర నేతకు ముందు దారాన్ని ఆసు పోసేది. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధవృత్తంలో మేకుల వరుస. వాటి చుట్టూ దారాన్ని చేత్తోనే తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలంటే భుజం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బడి మధ్యలోనే మానేసిన ఆ కొడుకు, ఈ పని యంత్రం ఎందుకు చేయకూడదని 1992లో మొదలుపెట్టాడు. అప్పులయ్యాయి. యంత్రం సగంలో ఆగింది. ఊరు వదిలి హైదరాబాద్‌లో కూలికి కుదిరాడు. అక్కడ బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో తిరుగుతున్న యంత్రంలో తనకు చిక్కని కదలిక కనబడింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ.

1997లో ఎవరైనా లెక్క తీసి ఉంటే, ఆ కుతూహలం కుటుంబాన్ని ముంచిందనే తేల్చేవారు. అందులో తప్పు లేదు కూడా. అప్పు నిజం, యంత్రం లేదు. అయితే ఆయన వేరే పనుల్లోకి తొంగిచూసింది కూడా తల్లి భుజం కోసమే.

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బస్సు టికెట్ దొరకని నిజామాబాద్ జిల్లా కుర్రాడు ఫణీంద్ర సామ కూడా అంతే. టికెట్ ఎందుకు దొరకలేదని ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికి వెళ్లి ఆరా తీశాడు. 2006లో రెడ్‌బస్ అలా పుట్టింది.

హైదరాబాద్‌లో నేనెరిగిన ఒక యజమానిదీ చురుకైన బుర్రే. ట్రాక్టర్లు కిరాయికిచ్చే యాప్ పెట్టాడు. ఎక్కడ ఏ కొత్త సంగతి చదివినా సోమవారానికి అది కొత్త ప్లాన్ అయ్యేది. బోర్డు మీద పాత రాత తుడవకుండానే కొత్తది రాసేవాడు. ట్రాక్టర్ రాలేదని రైతు ఫోన్ చేస్తే జవాబు చెప్పే మనిషి లేడు. లోకంలో అన్నిటి మీదా ఆసక్తి ఉన్న ఆయనకు, ఆ రైతుకు తిరిగి ఫోన్ చేసి ఏమైందని అడగాలనిపించలేదు. కంపెనీ మూతపడింది.

మొన్న ఒకమ్మాయి కంది అమ్మకానికి యాప్ చేస్తానంది. మార్కెట్‌లో తూకం దగ్గర రైతు ఎంతసేపు ఆగుతున్నాడో, ఎందుకు ఆగుతున్నాడో చూశావా అమ్మా అని అడిగాను. చూడలేదంది. కంది మార్కెట్‌కు వచ్చేదాకా కోడ్ ముట్టుకోవద్దని చెప్పాను.