రోగికి తెలియని రోగము

మా స్టేషన్ ఘన్‌పూరునుండి కాన్సరు చికిత్సకై హైదరాబాదునకు రైలెక్కువారిలో తమ వ్యాధి పేరు తామెరుగనివారు కలరు. కొడు కెరుగును, అల్లు డెరుగును, పొరుగింటివా రెరుగుదురు. ముసలితల్లికి మాత్రము "చిన్న గడ్డ" యని చెప్పుదురు. ఇది ప్రేమచేతనే జరుగుచున్నదని మేమును ఒప్పుకొందుము. కాని దీనికి శాస్త్రప్రమాణము చూపువారి వాదము పరీక్షింపదగియున్నది.

వారు చరకుని పేరెత్తుదురు. మరణచిహ్నములను గుర్తించిన వైద్యుడు అడుగనిదే ఆ మాట చెప్పరాదనియు, అడిగినను రోగికి గాని యితరులకు గాని ఉపఘాతకమగుచోట చెప్పరాదనియు ఇంద్రియస్థానమున నున్నమాట నిజమే. అయితే అచట ప్రస్తావన ఆసన్నమరణమును గూర్చినది, రోగము పేరును గూర్చినది కాదు. మఱియు "ఉపఘాతకమగుచోట" నని నియమము పెట్టినవాడు, అట్లు కానిచోట చెప్పుటకు తావిచ్చినట్లే కదా! మనవారు నిషేధమును గైకొని నియమమును జారవిడిచిరి. ఆ సంహితయే సూత్రస్థానమున రోగిని చికిత్సయొక్క నాలుగు పాదములలో నొకటిగా నెంచి, నిర్భయత్వమును, తన రోగమును తెలియజెప్పగల శక్తిని అతని గుణములుగా పేర్కొన్నది. చెప్పుటకు అర్హుడైనవాడు వినుట కనర్హుడెట్లగును?

మాకు సమీపముననే పోతన గారి బమ్మెర కలదు. భాగవతమంతయు ఏడుదినములలో చావు తప్పదని తెలిసినవాడు విన్న కథ. భారతమున శమీకుడు తన కుమారుని శాపమును గౌరముఖుడను శిష్యునిచే పరీక్షిత్తునకు తెలియబంపెను. అచట రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని వైద్యులను, మంత్రవేత్తలను చుట్టునుంచుకొనెను. భాగవతమున గంగాతీరమున ప్రాయోపవిష్టుడయ్యెను. తెలిసినది ఒక్కటే, చేసినవి రెండు. ఏది చేయవలెనో శమీకుడు నిర్ణయింపలేదు. దాచియుంచినచో శుకుడెవరికి చెప్పవలసియుండెడివాడు?

ఇక నేటి శాసనము. భారత వైద్యమండలి 2002 నాటి నియమావళి, వ్యాధితీవ్రతను వైద్యుడు పెంచియు తగ్గించియు చెప్పరాదన్నది, బాగున్నది. ఆ వెంటనే రోగికి, బంధువులకు "లేదా" బాధ్యతగల మిత్రులకు తెలిసియుండునట్లు చూడవలెనన్నది. మేము వ్యాకరణము చెప్పుకొని బ్రదుకువారము గనుక ఆ "లేదా" మాకు ముల్లువలె తగులుచున్నది. కొడుకుతో చెప్పి తల్లితో చెప్పకున్నను ఆ వాక్యము తృప్తిచెందును! 2023 లో వచ్చిన క్రొత్త నియమావళిని ఆ యేడే నిలిపివేసి, పాతదానినే మరల నిలిపిరి.

సుప్రీంకోర్టు ఇంతకంటె నిష్కర్షగా పలికినది. మత్తులోనున్న వయోజనురాలికి ఆమె తల్లి సమ్మతి మాత్రము గైకొని గర్భసంచి తొలగించిన వ్యాజ్యమున, తల్లి సమ్మతి చెల్లదనియు, చికిత్స స్వభావమును, అపాయములను, మార్గాంతరములను రోగికే తెలుపవలెననియు 2008 లో తీర్పిచ్చెను. మన యిండ్లలో ఆడువారి రోగము మొదట మగవారికి చేరును. ఈ తీర్పును గృహిణులు గుర్తుంచుకొనవలెను.

వినగానే గుండె పగులునందురు. ఒక్కమారే అంతయు చెప్పవలెనని ఎవరన్నారు? ఎంతవరకు తెలిసికొనగోరుదువని మొదట అడుగవచ్చును. వద్దన్న ఆమె యిష్టము. పొలమమ్మి మందులు తెచ్చుచున్నప్పుడు ఆ పొలము గలామె నొక్కమాట అడుగకుండుట మాత్రము ఏ ధర్మమో మాకు బోధపడదు.

రోగి కోరినచో డెబ్బదిరెండు గంటలలో వైద్యపత్రములీయవలెనని ఆ 2002 నియమావళియందే యున్నది. అవి ఆంగ్లమున నుండును. చదువుకొన్న మనుమరాలు తెలుగున చదివి వినిపింపవచ్చును.