నుజ్జయిన కారుకు న్యాయమైన ధర

నుజ్జయిన కారు అమ్మేటప్పుడు మనవాళ్ల నోట ముందు వచ్చే మాట, "దీన్ని ఇంత పెట్టి కొన్నాం" అని. కొనేవాడు ముందుగా అనేది, "గుజరీకి వేసేదే కదా" అని. రెండూ ధర కాదు.

ధర్మవరంలో ఉండే మా చిన్నమ్మ కొడుకు కారు పెనుకొండ దగ్గర హైవే మీద ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. మనుషులు క్షేమంగా బయటపడ్డారు. బండిని హిందూపురంలో ఒక షెడ్డుకు చేర్చాక, "అన్నా, బేరం నువ్వే మాట్లాడు" అన్నాడు. ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే. ఫుల్ ఇన్సూరెన్సు ఉండి, రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే కంపెనీ టోటల్ లాస్ కింద తేలుస్తుంది. శకలానికి బిడ్లు కూడా తనే తెప్పిస్తుంది. మాకు ఆ ఆసరా లేదు.

ధర్మవరంలో పాత పట్టుచీరలు కొనడానికి వీధిలోకి వచ్చేవాడు రంగు చూడడు, చిరుగు చూడడు, అంచులో జరీ చూస్తాడు. కారుకు కనీస ధర కూడా అలాగే పుడుతుంది. ఇంజను తిరుగుతోందా, గేరుబాక్సు నిలిచిందా, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, వెనక డోర్లు, చక్రాలలో ఏవి మిగిలాయి? తక్కినది కిలోల లెక్కన ఇనుము. పొగగొట్టం దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. తూకానికి కొనేవాడు దాని ఊసెత్తకపోతే మనమే ఎత్తాలి.

గరిష్ఠ ధరకు దారి వేరు. బాగుచేశాక బండి నాలుగు లక్షలు పలుకుతుందనుకుందాం. టింకరింగు, పెయింటింగు, పార్టులకు రెండు లక్షలు. కొనేవాడి శ్రమకు, విప్పాక బయటపడే దెబ్బలకు అరవై వేలు. మిగిలేది లక్షా నలభై వేలు. పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కాబట్టి ఇక్కడ పార్టులు చవకనుకునేవాళ్లున్నారు. ఫ్యాక్టరీ దగ్గరున్నంత మాత్రాన పార్టు మీద ఎమ్మార్పీ మారదు.

ఈ లెక్కలో ఆ నాలుగు లక్షల దగ్గరే నేను చాలాసేపు ఆగాను. అది యాక్సిడెంట్ బండి అని చెప్పి అమ్మితే వచ్చే ధరై ఉండాలి, దాచి అమ్మితే వచ్చేది కాదు. ముందు ఛాసిస్ వంగింది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. కొత్త బ్యాగులు వేయకుండా డాష్‌బోర్డు అతికించి అమ్మేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది, మనకిచ్చే ధరా పెరుగుతుంది. ఆ పెరిగిన సొమ్ము రేపు ఆ సీట్లో కూర్చునే మనిషి ప్రాణం మీద తీసుకున్నది. దాన్ని నేను ధరలో కలపలేను.

అందరికంటే ఎక్కువ అడిగింది బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన. "ఆర్సీ ఉంటే చాలు సార్, బండి ఎట్లున్నా ఫర్వాలేదు" అన్నాడు. కర్ణాటకలో బండిని తిప్పాలంటే మన ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, అక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఆ ఖర్చున్నవాడు హిందూపురం వాళ్లకంటే తక్కువ అడగాలి గానీ ఎక్కువెందుకు అడుగుతాడు? నుజ్జయిన కారు కాగితాలనూ ఛాసిస్ నంబరునూ దొంగిలించిన కారుకు తగిలించడం మన దేశంలో పాత వ్యాపారమే. దొంగ బండ్లను విప్పి అమ్మే చోటుగా పేరుమోసిన మీరట్‌లోని సోతీగంజ్‌ను 2021లో పోలీసులు మూయించారు. ఆయన ఉద్దేశం నిజంగా ఏమిటో నాకు తెలియదు. ఆ రేటుకు వేరే కారణం మాత్రం నాకు కనబడలేదు.

పైగా పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30ల మీద, ఖాళీగానే, సంతకాలు చేసిమ్మన్నాడు. రికార్డులో పేరు మారనంత కాలం ప్రమాద పరిహారం రిజిస్టర్డ్ ఓనరు మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. మా తమ్ముడికి అది విడమరచి చెప్పాను. "ముప్పై వేలు తేడా అన్నా" అన్నాడు. మగ్గం మీద బతికే ఇంట్లో ముప్పై వేలంటే చిన్న మొత్తం కాదని నాకూ తెలుసు. రాత్రంతా ఆలోచించుకొని, పొద్దున తనే ఫోన్ చేసి సరేనన్నాడు.

పార్టుల కోసం విప్పుకునే హిందూపురం మనిషికే ఇచ్చాం. ఛాసిస్ నంబరున్న ముక్కను కోయించి మా దగ్గర పెట్టుకున్నాకే బండి వదిలాం. వాడకానికి పనికిరాని బండి సంగతి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. ఆ వారంలోనే ఆర్సీ అప్పగించి, రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టించాను.