జేబులోని గ్రంథము: దిగువ కృష్ణా డెల్టా సంఘములలో బైబిలు, కీర్తనల యాప్‌లు – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సంఘములలో ఆదివారము ఆరాధనకు వచ్చేవారి చేతిలో నేడు రెండు విధములైన బైబిళ్లు కనిపిస్తాయి. ఒకటి నల్ల అట్ట వేసిన గ్రంథము, మరొకటి జేబులో పట్టే ఫోను. ఫోనులో ఎక్కువగా వాడే యాప్‌లు ఏవని యౌవనస్థులను అడిగితే వాట్సాప్, యూట్యూబ్‌ల వెంట బైబిలు, పాటల పుస్తకము పేర్లు కూడా చెబుతారు. ఫోనులో వాక్యము చదువవచ్చునా, కూడదా అనే వివాదము దాదాపు ముగిసినట్టే. చదువుతున్నారు. కావున ఆ ప్రశ్నను మేము తిరిగి లేవనెత్తుట లేదు. ఒక గ్రంథ ప్రచురణను విమర్శకుడు ఎట్లు పరిశీలిస్తాడో అట్లే ఈ యాప్‌లను పరిశీలించి, అవి పాఠకునికి ఏమి ఇస్తున్నాయి, ఏమి దాస్తున్నాయి అని చూచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

2. అచ్చు నుండి తెరకు

తెలుగు బైబిలు చరిత్ర యావత్తు ఒక విధముగా సాధనముల చరిత్రయే. విశాఖపట్టణములో డిగ్రాంజెస్ మొదలైనవారు అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. పూర్తి బైబిలు 1854 నాటికి గాని తెలుగువారి చేతికి రాలేదు. బందరుకు 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సులు పని ఆరంభించినది పూర్తి తెలుగు బైబిలు లేని ఆ కాలములోనే. అచ్చు పుస్తకము అరుదు గనుక ఒకరు చదివితే పదిమంది విన్నారు. వాక్యము సంఘముగా వినబడేది.

ఫోను ఈ క్రమమును తలక్రిందులు చేసినది. 2008 జూలైలో ఆపిల్ సంస్థ యాప్‌ల అంగడి తెరచిన దినములలోనే అమెరికాలోని లైఫ్ చర్చి వారి యూవెర్షన్ బైబిలు యాప్ అందులోకి వచ్చినది. అయితే తెలుగు పాఠకునికి అసలైన మలుపు లిపి వలన కలిగినది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు స్థానము దొరికినా, మన ప్రచురణకర్తలు ఏండ్ల తరబడి అను వంటి ఫాంట్లలోనే పుస్తకములు కూర్చారు. ఆ పాఠము ఫోనులో తెలుగుగా కనబడదు. దానిని మార్చి యూనికోడ్‌లోకి తెచ్చినప్పుడు వత్తులు, గుణింతములు కొన్ని చెదరినవి. ఫోనులు సహితము మన లిపికి పూర్తిగా సిద్ధపడి రాలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షర సంయోగము ఒక రీతిగా వచ్చినప్పుడు ఐఫోనులలో యాప్‌లు కూలిపోగా, ఆపిల్ సంస్థ 11.2.6 అనే సవరణను విడుదల చేయవలసివచ్చినది. జ్ఞానము అను మాటకు మొదటి అక్షరమే ఆ యంత్రమునకు మోయరానిదైనది.

ఇక ప్రచురణ వివరములు. అచ్చు బైబిలు మొదటి పుటలో ఏ సమాజము, ఏ అనువాదము, ఏ సంవత్సరము అనే వివరము ఉంటుంది. యూవెర్షన్ యాప్‌లో బైబిలు సొసైటీ పాత అనువాదము పేరుతోనే ఉన్నది. 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ స్వేచ్ఛా అనుమతితో విడుదలైనది. అయితే మేము చూచిన చిన్న చిన్న ఉచిత యాప్‌లు కొన్ని 'తెలుగు బైబిలు' అని మాత్రమే చెప్పి ఊరకుంటాయి. పాఠము ఎవరిదో తెలియని గ్రంథమును ఆధారముగా తీసుకొని ప్రసంగము సిద్ధపరచుట కాపరికి తగదు.

3. వెదకుట: దొరికినదే ఉన్నదనుకొను ప్రమాదము

ఈ యాప్‌లలో కాపరులకు మిక్కిలి ప్రియమైన సౌకర్యము పద శోధన. ఒక మాట కొట్టగానే వచనములన్నీ వరుసగా వస్తాయి. పదానుక్రమణిక కొనలేని గ్రామ కాపరికి ఇది నిజముగా గొప్ప సహాయము. కాని ఇక్కడ మన భాషాస్వభావమును జ్ఞాపకము చేసుకోవాలి. ఇంగ్లీషు మాట సాధారణముగా ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది. తెలుగు మాట విభక్తి చేరగానే రూపు మారుతుంది. అక్షరములను ఉన్నవి ఉన్నట్టుగా పోల్చి చూచే యాప్‌లో 'ఇల్లు' అని వెదకితే 'ఇంటికి', 'ఇంట', 'ఇండ్లు' రావు. 'దేవుడు' అని వెదకితే 'దేవుని', 'దేవునికి' తప్పిపోతాయి. డెల్టావాసికి ప్రాణమైన 'నీరు' అను మాటనే తీసుకొందాము. అది 'నీటి', 'నీళ్లు', 'నీళ్లలో' అని మారుతుంది. పాత అనువాదములో అనేక చోట్ల 'జలములు' అయి ఉంటుంది. అన్నిటికీ కలిసివచ్చునని 'నీ' వరకే కొడితే, 'నీ దేవుడు', 'నీ పొరుగువాడు' మొదలుకొని గ్రంథమంతా వచ్చి పడుతుంది.

దీనికి గ్రాంథిక రూపముల చిక్కు తోడైనది. వ్యవహారములో 'చెప్పాడు' అనే యువకుడు 'చెప్పెను' అని వెదకవలెనని ఎరుగడు. ఫలితముగా ఒక అంశమును గూర్చి బైబిలులో ఇన్నే వచనములున్నవని ప్రసంగీకుడు నిర్ధారణ చేసినప్పుడు, ఆ సంఖ్య లేఖనముది కాదు, శోధన పెట్టెది. ముద్రిత పదానుక్రమణిక తయారుచేసినవారు ఈ రూపములను ఒకచోట కూర్చే శ్రమ పడ్డారు. యాప్ తయారుచేసేవారు ఆ శ్రమను పాఠకునికే వదలివేశారు.

4. 'నేటి వచనము': చిరునామా లేని ఉత్తరము

ఉదయము ఫోను తెరవగానే పలకరించే 'నేటి వచనము' క్రొత్తది కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకొనుట మన సంఘములకు బాగా తెలిసిన ఆచారమే. యాప్ సంవత్సరమునకు ఒక కార్డును దినమునకు ఒకటిగా మార్చి, అందమైన చిత్రము మీద అచ్చువేసి, పంచుకొనుటకు వీలు కల్పించినది. కాబట్టి దోషమంతా యంత్రముది అనుట న్యాయము కాదు. అయినను ఎంపికను గమనించాలి. తమ పాఠకులను అత్యధికముగా ఆకర్షించిన వచనములుగా యూవెర్షన్ వారు 2020లో యెషయా 41:10ని, 2024లో ఫిలిప్పీయులకు 4:6ను ప్రకటించారు. రెండును భయమును, చింతను గూర్చినవే. భయపడిన లోకము ఆదరణ వెదకుట సహజము. ఆ ఆదరణ ఎవరికి, ఎక్కడ నుండి చెప్పబడినదో తెరమీద లేకపోవుటయే లోపము. యెషయాలో 'నీవు' అని పిలువబడినది ఇశ్రాయేలు అని 8వ వచనము చెబుతున్నది. ఫిలిప్పీ పత్రిక వ్రాసినవాడు బంధకములలో ఉన్నాడు.

యిర్మీయా 29:11 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మన వాగ్దాన కార్డులలో ఇది తరచుగా కనిపించే వచనము. అందులో సంబోధన 'మీరు'. దేవుడు ఒక్కరితో మాటలాడునప్పుడు పాత అనువాదము 'నీవు' అంటుంది గనుక ఈ 'మీరు' బహువచనమే, బబులోనుకు చెరపట్టబడిన జనులందరు. కాని తెలుగులో 'మీరు' గౌరవ వాచకము కూడా. ఒంటరిగా ఫోను చూచే పాఠకుడు దానిని తనకొక్కనికే మర్యాదతో పంపిన సందేశముగా చదువుకొంటాడు. పైన 5 నుండి 7 వరకు గల వచనములు ఆ పరాయి పట్టణములోనే ఇండ్లు కట్టుకొమ్మని, దాని క్షేమము కోరుమని చెబుతాయి. 10వ వచనము 70 సంవత్సరములని గడువు పెడుతుంది. అంతకుముందు 28వ అధ్యాయములో హనన్యా రెండేండ్లలోనే అంతా చక్కబడునని ప్రకటించి అబద్ధ ప్రవక్త అయ్యాడు. సందర్భము నుండి విడదీసిన 29:11 త్వరలో మేలు కలుగునను మాటగా వినబడినప్పుడు, యిర్మీయా పేరుతో మనము వింటున్నది హనన్యా ప్రవచనమే.

అదే ఫోను తెరమీద అదే వరుసలో తుపాను హెచ్చరిక కూడా వస్తుంది. వాతావరణ శాఖ 2020లో విడుదల చేసిన మౌసమ్ యాప్ గాని, విపత్తు నిర్వహణ సంస్థ వారి సచేత్ గాని ఇచ్చే సందేశములో ఏ ప్రాంతము, ఏ సమయము, ఎంత తీవ్రత అనే మూడు విషయములు ఉండాలి. పసుపు, నారింజ, ఎరుపు రంగులకు వేర్వేరు అర్థములున్నవి. ఏ ఊరికో, ఎప్పటికో చెప్పని హెచ్చరికను నాగాయలంక జాలరి నమ్మి వేట మానుకొనడు. 1977 నవంబరు 19న ఉప్పెనలో, అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మందిని పోగొట్టుకొన్న నేల ఇది. చిరునామా గల మాటకు, చిరునామా లేని మాటకు గల భేదము ఇక్కడివారికి వేరుగా బోధించనక్కరలేదు. వాతావరణ సందేశము విషయములో వారు చూపే ఆ వివేచననే వాక్యము విషయములోను చూపవలెనని మేము కోరుతున్నాము.

5. కీర్తనల యాప్‌లు: రాగము పోయిన పాట

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకములో ప్రతి కీర్తనకు సంఖ్య, రాగము, తాళము, రచయిత పేరు ఉంటాయి. పురుషోత్తము చౌదరి (1803–1890) మొదలైనవారు కర్ణాటక రాగములలో, తెలుగు నడకలో వ్రాసిన ఈ సంపద ఆ నాలుగు వివరములతోనే తరముల నుండి మనకు అందినది. మేము చూచిన పాటల యాప్‌లలో అనేకము సాహిత్యమును మాత్రమే అకారాది క్రమములో ఇస్తున్నాయి. రాగతాళములు లేవు, రచయిత లేడు. చరణము చివర నిలువు గీతల మధ్య వేసి పల్లవికి త్రోవ చూపే మాట కూడా కొన్నిటిలో రాలిపోయినది. యాప్ తన సొంత సంఖ్య వేసుకొన్నచోట, కాపరి సంఖ్య ప్రకటించగానే పుస్తకము గలవారు ఒక కీర్తన, ఫోను గలవారు వేరొకటి తెరుస్తారు. రచయిత పేరు తొలగిపోతే ఆ కీర్తన ఏ కాలములో, ఏ అనుభవములో పుట్టినదో తరువాతి తరము అడుగుట కూడా మానివేస్తుంది.

6. వినిపించే బైబిలు: చెప్పుకొనదగిన మేలు

ఇంత చెప్పి మేలును చెప్పకపోతే విమర్శ పక్షపాతమవుతుంది. అక్షరము పెద్దది చేసుకొను వీలు వలన చూపు మందగించిన వృద్ధులు తిరిగి స్వయముగా చదువగలుగుతున్నారు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ సంస్థ వారి బైబిల్.ఈజ్ వంటి శ్రవణ యాప్‌లు చదువురాని తల్లులకు అధ్యాయములకు అధ్యాయములు వినిపిస్తాయి. కైకలూరు, గుడివాడ పరిసరములలో రాత్రివేళ చేపల, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే కూలి మనిషి కూడికకు రాలేడు. వాక్యమే అతని వద్దకు వెళ్లగలదు. పైగా శ్రవణ యాప్ ఒక వచనము వద్ద ఆగదు, సందర్భముతో సహా సాగిపోతుంది. చదువరికి పోయిన సందర్భము చదువురానివారికి దొరికినది. ఈ యాప్‌లలో అతి తక్కువగా ప్రచారము పొందినదే మా దృష్టిలో అతి శ్రేష్ఠమైనది.

7. ముగింపు

యాప్‌లను నిషేధించుట సంఘము పని కాదు. వాటిని చదువుట నేర్పించుట సంఘము పని. మూడు సూచనలు చేస్తున్నాము. మొదటిది, కాపరులు తాము వాడే యాప్‌లోని అనువాదము పేరు, సంవత్సరము తెలిసికొని సంఘమునకు చెప్పాలి. రెండవది, నేటి వచనమును ఇతరులకు పంపకముందు ఆ అధ్యాయమంతా చదువుట, మాట ఎవరితో చెప్పబడినదో గుర్తించుట ఆదివారపు బడిలోనే అలవాటు చేయాలి. మూడవది, మన వేదాంత కళాశాలల విద్యార్థులు సంగీతము తెలిసిన పెద్దల సహాయముతో కీర్తనలకు రాగము, తాళము, రచయిత, అచ్చు పుస్తకపు సంఖ్య చేర్చిన యూనికోడ్ పాఠమును సిద్ధపరచాలి.

వీటితో పాటు కంఠస్థము చేయు పాత అలవాటును విడువరాదు. 2024 సెప్టెంబరు ఆరంభములో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి దిగువ లంకలు మునిగినవి. అట్టి దినములలో విద్యుత్తు పోతుంది, ఫోను ఆగిపోతుంది, కాగితము తడుస్తుంది. పునరావాస కేంద్రములో చుట్టూ కూర్చున్నవారికి ఒక కీర్తనయైనను అధ్యాయమైనను మొదటినుండి చివరివరకు చూడకుండా చెప్పగలవారు ప్రతి సంఘములో ఇద్దరు ముగ్గురైనను ఉండునట్లు కాపరులు ఇప్పుడే శ్రద్ధ తీసుకోవాలి.