మన సంఘమునకు వంశావళి కావలెనా?



కొన్ని నెలల క్రిందట మన ప్రాంతపు ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ నాతో మాటలాడవలెనని గుడి వాకిట నిలిచి యుండెను. ఆమె పుత్తూరు వైపు లూథరన్ కుటుంబములో పుట్టినది. పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆమెకు బాప్తిస్మమిచ్చిరి. ఇప్పుడు కుమారుని యింట నుండి మన బాప్తిస్టు సంఘమునకు వచ్చుచున్నది. అంతకు ముందు వారము సంఘ యౌవనస్థుడొకడు ఆమెతో, "అవ్వా, మీ మిషను పుట్టి ఐదు వందల ఏండ్లే. మన బాప్తిస్టు సంఘము యొర్దాను మొదలుకొని ఎన్నడును తెగక వచ్చినది. క్రీస్తు సంఘము ఇదొక్కటే. నీవు ఇంతవరకు దాని వెలుపల ఉంటివి" అని చెప్పెనట. ఆ అవ్వ కండ్ల నీళ్లు పెట్టుకొని నన్ను అడిగిన మాట ఇది: "ఇన్నేండ్లు నేను ఎవరింట్లో ఉంటి నాయనా?"

ఆ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు. నేనును బాప్తిస్టునే. విశ్వసించినవారికే బాప్తిస్మమియ్యవలెననియు, అది నీటిలో ముంచుటయే అనియు వాక్యమునుబట్టి నమ్మి బోధించుచున్నాను. అయితే మన నమ్మకము వేరు, మన వంశమునుగూర్చి కొందరు చెప్పుకొను గొప్పలు వేరు. ఈ రెంటిని కలిపినందుననే ఒక వృద్ధురాలి గుండె పగిలినది. కావున ఆ యౌవనస్థునికి ఆ మాటలు నేర్పిన పుస్తకమునే ఇక్కడ పరిశీలింతము. బెరయ సంఘస్థులు పౌలు చెప్పిన దానినే లేఖనములతో సరిచూచిరి (అపొ. కా. 17:11). మనము ఒక చిన్న పుస్తకమును సరిచూచిన తప్పేమి?

ఆ పుస్తకము పేరు 'ది ట్రెయిల్ ఆఫ్ బ్లడ్', అనగా రక్తపు జాడ. టెక్సాసు దేశపు బోధకుడు జె. ఎం. కెరొల్ చేసిన ఉపన్యాసములు 1931లో ఇట్లు అచ్చైనవి. దానిలో శతాబ్దముల పటమొకటి కలదు. ఎర్రని చుక్కలు హతసాక్షుల సంఘముల జాడను చూపును. మొంటానీయులు, నొవేషియనులు, డొనాటిస్టులు, పౌలీషియనులు, ఆల్బిజెన్సులు, వాల్డెన్సులు, అనాబాప్తిస్టులు, వీరందరును వేరు వేరు పేర్లతో నున్న బాప్తిస్టులేయని దాని వాదము.

ముందుగా ఈ పుస్తకములోని మేలును ఒప్పుకొందము. మనస్సాక్షిని రాజు బలవంతపెట్టరాదనియు, విశ్వాసము కొరకు హింసపడినవారిని మరువరాదనియు అది చెప్పును. అది నిజము, విలువగలది. అయితే సత్యమును ప్రేమించువాడు తనకు అనుకూలమైన సాక్ష్యమును మరి కఠినముగా పరీక్షింపవలెను. మన ఊరి పంచాయతీలో సహితము సాక్షి ఆ దినమున అక్కడ నుండెనా యని మొదట అడుగుదురు గదా!

ఈ పుస్తకము మొదటనే పిలుచు సాక్షి కార్డినల్ హోసియస్. ట్రెంటు మహాసభ అధ్యక్షుడైన ఈయన 1524లో, పన్నెండు వందల ఏండ్లు నరకబడకపోయినయెడల బాప్తిస్టులు సంస్కర్తలందరికంటె అధికముగా నుండెడివారని చెప్పెనట. తేదీలు చూడుడి. హోసియస్ పుట్టినది 1504లో. 1524 నాటికి అతడు ఇరువది యేండ్ల యువకుడు. కార్డినల్ అయినది 1561లో. ట్రెంటు మహాసభ ఆరంభమైనదే 1545లో. సాక్షి ఆ దినమున ఆ పదవిలోనే లేడు! హతసాక్షులు ఐదు కోట్లను లెక్కయు ఇట్టిదే. ఆ పన్నెండు వందల ఏండ్లలో అట్టి లెక్కను వ్రాసి యుంచినవారెవరును లేరు.

ఇక గొలుసులోని కడియములను ఒక్కొక్కటిగా పట్టి చూతము.

నొవేషియన్ మూడవ శతాబ్దమున రోమాలో నుండెను. అతడు జబ్బుపడి మంచము మీద నుండగా అతనిమీద నీళ్లు పోసి బాప్తిస్మమిచ్చిరని అతని కాలపు రోమా బిషప్పు కొర్నేలి వ్రాసిన ఉత్తరమును యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఉంచెను. ముంచుటయే బాప్తిస్మమని చెప్పు మనము ఇతనిని మన పితరునిగా ఎట్లు లెక్కింతుము?

డొనాటిస్టులు నాలుగవ శతాబ్దమున ఆఫ్రికాలో నుండిరి. హింసకాలమున లేఖనములను అప్పగించిన బిషప్పులు పనికిరారని వారు వేరైరి. అయితే వారికిని బిషప్పులు కలరు. మొదట తమ తగవును కాన్‌స్టంటైన్ చక్రవర్తి యొద్దకు తీసికొని పోయినవారును వారే. అగస్టీనుతో వారికి ఎంతో వాదము జరిగెను గాని శిశువుల బాప్తిస్మమునుగూర్చి వాదము లేదు.

ఆల్బిజెన్సులు ఫ్రాన్సు దక్షిణ భాగమున పండ్రెండు, పదమూడవ శతాబ్దములలో ఘోరముగా హింసింపబడిరి. వారికొరకు మనము దుఃఖింపవలసినదే. అయితే కంటికి కనబడు లోకము చెడ్డ శక్తి చేసినదని వారు బోధించిరి. అందుచేత నీటి బాప్తిస్మమునే త్రోసివేసి, చేతులుంచుటను దాని స్థానమున పెట్టుకొనిరి. నీటిని త్రోసినవారు బాప్తిస్టులగుదురా?

వాల్డెన్సులు లియోను పట్టణపు వర్తకుడు వాల్డో వెంట 1170వ దశాబ్దమున బయలుదేరిరి. బీదరికము, వాక్యబోధ, దేశభాషలో లేఖనము, ఇవి వారి ఘనత. అయినను 1179లో రోమా మహాసభ యొద్దకు పోయి పోపు సెలవు కోరిరి. వారిని మెచ్చుకొందము గాని, వారు అడుగని పేరు వారికి పెట్టవద్దు.

అనాబాప్తిస్టుల సంగతి వేరు. 1525 జనవరిలో జూరిచ్ పట్టణమున కాన్రాడ్ గ్రెబెల్ అను యౌవనస్థుడు జార్జి బ్లౌరొక్‌కు విశ్వాసిగా బాప్తిస్మమిచ్చెను. 1527లో ఫీలిక్స్ మాన్జ్‌ను ఆ పట్టణపు అధికారులు నదిలో ముంచి చంపిరి. వీరి నమ్మకము మన నమ్మకమునకు దగ్గరిది. వీరి ప్రభావము మొదటి బాప్తిస్టులమీద ఎంతమట్టుకు పడినదో పండితులు ఇంకను వాదించుచున్నారు. అయితే ప్రభావము వేరు, తెగని గొలుసు వేరు.

అట్లయిన బాప్తిస్టులు ఎప్పుడు బయలుదేరిరి? పత్రములు చెప్పునది ఇది. ఇంగ్లండు రాజసంఘము నుండి వేరైన జాన్ స్మిత్ అను బోధకుడు తన మందతో హాలెండు దేశమునకు పారిపోయెను. అక్కడ ఆమ్‌స్టర్‌డాములో 1609లో తనకు తానే బాప్తిస్మమిచ్చుకొని, పిమ్మట థామస్ హెల్విస్‌కును ఇతరులకును ఇచ్చెను. అది ముంచుట కాదు, నీళ్లు పోయుటయే అని అనేక చరిత్రకారుల అభిప్రాయము. కొలదికాలమునకు స్మిత్ తాను చేసిన దానినిగూర్చి సందేహపడి, మెన్నోనైటులలో చేరగోరెను. హెల్విస్ ఒప్పుకొనక స్వదేశమునకు తిరిగి వచ్చి, 1612 నాటికి లండను ప్రక్క స్పిటల్‌ఫీల్డ్స్‌లో సంఘము స్థాపించెను. రాజు దేవుడు కాడనియు, ఆత్మలమీద అతనికి అధికారము లేదనియు వ్రాసినందుకు చెరసాల పాలయ్యెను. మరియొక వైపున 1630వ దశాబ్దమున లండనులోనే మరియొక బాప్తిస్టు గుంపు వేరుగా లేచినది. వారు ముంచుటను 1641 ప్రాంతమున ఆరంభించి, 1644 నాటి తమ విశ్వాస ప్రకటనలో దానిని స్పష్టముగా వ్రాసిరి.

ఈ మాట చెప్పుట సులభమని తలంచకుడి. అమెరికాలో జె. ఆర్. గ్రేవ్స్ అను బోధకుడు 1851 మొదలుకొని, బాప్తిస్టు సంఘములే నిజ సంఘములనియు, ఇతర బోధకులు బోధకులే కారనియు ఒక గొప్ప ఉద్యమము నడిపెను. ఆ గాలి బలముగా వీచుచుండగా లూయివిల్‌లోని బాప్తిస్టు వేదాంత పాఠశాల అధ్యక్షుడు విలియమ్ విట్సిట్, ఇంగ్లండులో ముంచుట 1641లో తిరిగి ఆరంభమైనదని 1896లో పుస్తకము వ్రాసెను. సత్యము వెదకినందుకు అతనికి దొరికిన బహుమానము ఏమి? మూడేండ్ల కలహము తరువాత 1899లో పదవి విడువవలసి వచ్చెను. తరువాతి బాప్తిస్టు చరిత్రకారులలో అధికులు అతని ప్రక్కనే నిలిచిరి.

సహోదరులారా, తెగని గొలుసు అను బోధలోని అసలు ప్రమాదమేమో గ్రహించుడి. మన బాప్తిస్మము చెల్లుటకు ఇచ్చినవాని చెయ్యి, వానికి ఇచ్చినవాని చెయ్యి, ఇట్లు యొర్దాను వరకు లెక్క తప్పకుండవలెనన్నయెడల, ఎక్కడనో ఒక కడియము తెగిన మనమందరము బాప్తిస్మము లేనివారమగుదుము. అప్పుడు మన నిరీక్షణ క్రీస్తుమీద గాక, ఎరుగని మనుష్యుల చేతులమీద ఆనుకొనును. బిషప్పుల వరుసలో కృప ప్రవహించునని చెప్పినవారిని మన పితరులు ఎదిరించిరి గదా! అదే బిషప్పు కుర్చీని మనము మారుపేరుతో మన గుడిలో వేసికొనుచున్నాము.

పాతాళ ద్వారములు సంఘము నెదుట నిలువనేరవని ప్రభువు చెప్పిన మాటను (మత్తయి 16:18) వారు చూపుదురు. ఆ మాట నిజమే. తన ప్రజలను ఏ కాలమందును కాపాడుదునని ప్రభువు వాగ్దానము చేసెను గాని, ఒక మిషను పట్టికను కాపాడుదునని చెప్పలేదు. అబ్రాహాము మాకు తండ్రియని అతిశయించినవారితో యోహాను రాళ్లను చూపి ఏమనెనో మీరెరుగుదురు (మత్తయి 3:9). మితములేని వంశావళులు వివాదములకే దారి తీయునని పౌలు తిమోతిని హెచ్చరించెను (1 తిమోతి 1:4).

మన తెలుగు దేశపు చరిత్రయే చూడుడి. అమెరికను బాప్తిస్టు మిషనరీ సామ్యూల్ డే 1836లో విశాఖపట్టణము చేరి, 1840లో నెల్లూరికి వచ్చెను. 1854 జనవరి ఒకటవ దినమున జువెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ గొప్ప కోతకు ముందు నడిచినవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వర్తకము మీద ఉత్తరమునకు పోయినప్పుడు అతడు సువార్త విన్నది బాప్తిస్టుల నోట కాదు. ఏలూరులోని ఆంగ్లికన్ మిషనరీ అలెగ్జాండర్ గారి నోట. శిశువులకు బాప్తిస్మమిచ్చు సంఘపు బోధకుడు విత్తెను, 1866లో పేరయ్య విశ్వాసిగా నీటిలో దిగెను. విత్తినవాడు సంఘము వెలుపలివాడని చెప్పుదమా?

మన చేతిలోని తెలుగు బైబిలును తీయుడి. దానిని దిద్దిన పనిలో బాప్తిస్టుయైన జువెట్ గారును, మదనపల్లెలో పనిచేసిన రిఫార్మ్‌డ్ మిషనరీ జేకబ్ చేంబర్లేన్ గారును పాలుపొందిరి. 1865లో సూళ్లూరుపేటలో దిగిన హెర్మన్స్‌బర్గు లూథరనులు పిమ్మట కాళహస్తి, తిరుపతి, పుత్తూరు వరకు ఈ వాక్యమునే మోసికొని వచ్చిరి. ఆ అవ్వ తల్లి ఒడిలో విన్నది ఆ వాక్యమే.

మన స్వర్ణముఖిని చూడుడి. వేసవిలో అది ఇసుకయే. దాహముగొన్నవాడు చెలమ త్రవ్వును, నీళ్లూరును. నిన్నటి చెలమను ఎవరు త్రవ్విరని అతడు అడుగడు. నిన్నటి చెలమ నీళ్లు నేటి దానిలోనికి కాలువ కట్టి రాలేదు. ఇచ్చినది పైనుండి కురిసిన వాన. 1525లో జూరిచ్‌లోను, 1609లో ఆమ్‌స్టర్‌డాములోను, 1866లో ఒంగోలులోను జనులు వాక్యమును త్రవ్విరి, నీళ్లు దొరికినవి. మన విశ్వాసమునకు అంతకంటె గొప్ప వంశావళి అక్కరలేదు.

ఈ సంగతులన్నియు ఆ యౌవనస్థునితో కూర్చుండి మాటలాడితిని. అతడు చాలసేపు మౌనముగా నుండి, "అట్లయితే అయ్యగారూ, మనము దేనిమీద నిలువవలెను?" అని అడిగెను. "నాయనా, నపుంసకుడు దేనిమీద నిలిచెనో దానిమీదనే. అతడు ఫిలిప్పు వంశావళి అడుగలేదు, లేఖనము విన్నాడు, నమ్మినాడు, నీళ్లు చూచి దిగినాడు" అని చెప్పితిని.

మరునాడు అతడే అవ్వ యింటికి పోయి క్షమాపణ వేడుకొనెను. ఆమె ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇది: "అవ్వా, నీవు ఇన్నేండ్లు ఉన్నది నీ తండ్రి యింటిలోనే." బాప్తిస్మమునుగూర్చి మా నమ్మకమును ఆమెకు దాచలేదు. ఇప్పుడు ఆ యౌవనస్థుడు సాయంకాలములందు ఆమెకు అపొస్తలుల కార్యములు చదివి వినిపించుచున్నాడు. ఆమె ఇంకను ఏమియు నిర్ణయించుకొనలేదు. మేము తొందరపెట్టము. ఆమె నీటిలో దిగినయెడల వాక్యము పిలిచినందున దిగవలెను గాని, మేము భయపెట్టినందున కాదు.

ప్రభువు మనకు సత్యమునందు ధైర్యమును, సహోదరులయెడల దీనమనస్సును దయచేయును గాక. ఆమేన్.