గబ్బిలం – బాకీ సంగతి

జాషువా 'గబ్బిలం' గురించి మన విమర్శకులు రాసిన దాంట్లో ఎక్కడ చూసినా మానవత అనే మాటే. మనుషులంతా ఒక్కటేనని చాటిన కావ్యమట, ఆయన విశ్వనరుడట. నిజమే, ఆయనే చెప్పుకున్నాడు. అయితే ఎవరితో చెప్పాడు, ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చింది అని అడిగితే మాత్రం వీళ్ళకి గొంతు పెగలదు. పుట్టిన వినుకొండలోనే నరుడిగా చూసి ఉంటే విశ్వనరుణ్ణని చెప్పుకోవాల్సిన అగత్యం ఏ కవికైనా ఎందుకొస్తుంది?

నేను చదివిన బళ్ళో తెలుగు మాస్టారు ఈ పద్యాలు శ్రద్ధగానే చెప్పారు. ఛందస్సు, ప్రతిపదార్థం, కాళిదాసు మేఘసందేశంతో పోలిక, అన్నీ అయ్యాయి. కరుణ రసం అని బోర్డు మీద రాసి కింద గీత గీశారు. అరుంధతీ సుతుడంటే ఎవరు సార్ అని ఒక పిల్ల అడిగితే "అదే, వాళ్ళు" అన్నారు. క్లాసు క్లాసంతా నా వైపు తిరిగింది. మాదిగ అనే మాట ఆయన నోట రాలేదు. ఆ మాట పలక్కుండానే కరుణ పుట్టాలి!

ఈ కరుణ దగ్గరే నాకు పేచీ. 1941లో వచ్చిన ఈ కావ్యంలో తంజావూరు సీమ మాదిగవాడు తన గోడు చెప్పుకోవడానికి మనిషి దొరక్క గబ్బిలానికి చెప్పుకుంటాడు. అందరూ అపశకునమనే పిట్ట అది. అయినా దానికి గుళ్ళోకి దారుంది, ఇతనికి లేదు. కాశీలో శివుడి చెవికి దగ్గరగా వేలాడతావు గదా, పూజారి పక్కకి పోయినప్పుడు మా సంగతి చెప్పమంటాడు. ఎంత ఎరిగినవాడి మాట! తగాదా దేవుడితో కాదు, మధ్యలో నిలబడ్డవాడితో. మనుషులంతా సమానమని తెలియక నిలబడ్డాడా వాడు? తెలుసు. ఒప్పుకుంటే వాడి కూడు పోతుంది. మానవత బోధిస్తే కులం పోతుందనే పెద్దలు ఈ ఒక్క సంగతి ఆలోచిస్తే చాలు.

ఇంకోచోట, ఈ చెప్పులు కుట్టేవాడికి దేశమే అప్పుపడి ఉందంటాడు కవి. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. డబ్బు లేదు, ఏడాదికోసారి కళ్ళం దగ్గర గింజలు కొలిచేవాళ్ళు. కొలిచేవాడి చెయ్యి ఎప్పుడూ బిగువే. ఆసామి లెక్కలో ఎప్పుడూ మా తాతే బాకీ. అట్లాంటి ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాడికి ఆ పద్యం జాలికథలా వినపడదు, ఖాతా పుస్తకం తిరగేసినట్టు వినపడుతుంది. జాలిపడేవాడు తనకి బుద్ధి పుట్టినప్పుడు పడతాడు, లేనప్పుడు మానేస్తాడు. బాకీపడ్డవాడికి ఆ వీల్లేదు. విమర్శకులు కరుణ దగ్గరే ఆగిపోయింది ఇందుకే.

చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి జాషువా కాలికి గండపెండేరం తొడిగిన కథ కూడా సభల్లో తెగ చెప్తారు. చెళ్ళపిళ్ళ గొప్పవాడే, కాదనను. కానీ పద్యం రాసిన కాలికి దక్కిన మర్యాద చెప్పు కుట్టినవాడికి ఎందుకు దక్కలేదు? మహాకవైతే తప్ప మనిషి కాకూడదా మేము?

ఈ రోజుల్లో అవన్నీ ఎక్కడున్నాయి అంటారు స్టాఫ్‌రూముల్లో. నేను పనిచేసిన ఒక ఊళ్ళో మధ్యాహ్న భోజనం వండేది మాదిగామె అని తెలిసిన వారంలోనే కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలెట్టారు. వంటపనిలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వమని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అదే బళ్ళో ఆగస్టు పదిహేనున విశ్వమానవత మీద వక్తృత్వ పోటీ పెట్టారు. మొదటి బహుమతి ఒక క్యారేజీ పిల్లాడికే వచ్చింది. వాడి తప్పేం లేదు, బాగా మాట్లాడాడు.

మనలో మన మాట కూడా ఒకటుంది. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలై, రిజర్వేషన్లలో మా వాటా మాకు వేరు చేయమని మాదిగలు అడిగితే మన పెద్దల్లో కొందరు ఏమన్నారు? మనమంతా ఒక్కటే, చీల్చకండి అన్నారు. అగ్రకులంవాడు మన నోరు నొక్కడానికి వాడిన మాటే! 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పేదాకా ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఒక్కటేనని ఒప్పుకునేవాడికి లెక్క చెప్పడానికి ఎందుకంత భయం?

జాషువాతోనూ నాకో పేచీ ఉంది. అంత బాకీ లెక్క కట్టి, వసూలు మాత్రం శివుడికి ఎందుకు అప్పజెప్పాడు? అప్పటికి అంబేద్కర్ మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టి (1927) పద్నాలుగేళ్ళు. హిందువుగా చావనని యేవలాలో చెప్పి (1935) ఆరేళ్ళు. కారంచేడు మాదిగలు గబ్బిలాన్ని పంపలేదు. తాము తాగే చెరువులో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు 1985 జూలై 17న ఆరుగురిని చంపితే, చీరాలకి నడిచి వచ్చి శిబిరం వేసుక్కూచున్నారు. దళిత మహాసభ అక్కణ్ణించే పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికితే, ప్రత్యేక కోర్టు మా ఊళ్ళోనే పెట్టండని పట్టుబట్టి పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.