పాకం పట్టినంత పిండి

అరిసెలు చేసే పద్ధతిని చెప్పే వంట పుస్తకాలన్నీ బియ్యానికి, బెల్లానికి దాదాపు ఒకే కొలతలు ఇచ్చినా వాటిలో కొన్ని మాత్రమే ఇంట్లో ఒక తరం నుంచి మరో తరానికి చేరతాయి, మిగిలినవి ఒక సంక్రాంతి దాటకుండానే అటకెక్కుతాయి. ఈ తేడా తేలేది పాకం దగ్గర. పాకం వచ్చాక పిండి కలపాలని మాత్రమే రాసి ఊరుకున్న పుస్తకంతో పాకం తెలిసినవారికి పనిలేదు, తెలియనివారికి అది పనికిరాదు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, ఉడుకుతున్న పాకం చుక్కను అందులో వేసి వేలితో దగ్గరకు తీస్తే కరిగిపోకుండా మెత్తని ఉండగా నిలవాలనీ, దానినే ఉండపాకం అంటారనీ, అంతకు ముందే దించితే అరిసె నూనెలో విచ్చిపోతుందనీ, దాటనిస్తే చల్లారాక పంటికి లొంగదనీ చెప్పిన పుస్తకమే పొయ్యి దగ్గర అక్కరకు వస్తుంది. పిండి దగ్గరకు వచ్చేసరికి మంచి పుస్తకాలు అంకె చెప్పడం మానేస్తాయి. నానిన బియ్యంలో మిగిలే తడి, బెల్లం రకం ఏటేటా మారతాయి కనుక పాకం పట్టినంత పిండి వేయమనీ, గుప్పెడు పిండి పక్కన ఉంచుకోమనీ చెబుతాయి. కొత్తవారికి ఈ మాట అస్పష్టంగా తోచవచ్చు కానీ, ఎంత చాలునో తేల్చే గుర్తు గిన్నెలోనే ఉందని చెప్పే ఈ కొలత కంటే నిజాయితీ గల కొలత ఆ పుటలో మరొకటి ఉండదు.

చదివి చేయడానికి ఉద్దేశించిన పుస్తకాలను, అవి వంటవైనా వడ్రంగానివైనా పంపుసెట్టు మరమ్మతువైనా సైన్యానికి తిండి చేరవేసే విద్యవైనా, ఆచరణ గ్రంథాలనే ఒకే పేరుతో పిలవవచ్చు. ఇటువంటి గ్రంథాల నుంచి పాఠకులు కోరేది వరుసగా పేర్చిన ఆదేశాలనే అభిప్రాయం బలంగా ఉంది. వరుస అవసరమే, కాదనలేము. అయితే వరుస తెలిసినవాడు కూడా పని చెడగొట్టుకోగలడు; చెడుతున్నదని చెడక ముందే పోల్చుకోగలిగినవాడే దానిని నిలబెట్టుకుంటాడు. అందుచేత పాఠకుడు ఆచరణ గ్రంథాన్ని ఇష్టపడడానికి మూలం, తన పనిని తానే తూచుకోగల తూనికరాయిని, అవసరమైతే ఆ పుస్తకాన్నే తూచగల తూనికరాయిని, అది అతని చేతిలో పెట్టడంలో ఉంది.

పాత కొలతల కథ దీనికి దగ్గరి ఉదాహరణ. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అనే లెక్క తెలుగు ఇళ్ళలో చాలాకాలం నడిచినా, మానిక అన్ని ఊళ్ళలోనూ ఒకే పరిమాణంలో ఉండేది కాదు. ఇప్పుడైతే చాలా వంటిళ్ళలో ఆ గిన్నే లేదు. అయినా ఆవకాయకు ముక్కలు ఇన్ని పాళ్ళయితే ఆవపిండి, కారం, ఉప్పు ఇన్నిన్ని పాళ్ళని నిష్పత్తిలో రాసిన వాక్యం గిన్నె మారినా చెడదు. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో వెలువరించిన బోస్టన్ వంట పుస్తకంలో కప్పును, చెంచాను అంచుకు సమంగా గీసి కొలవాలని పట్టుబట్టి మరో దారి చూపింది. ఆ దారికి ప్రతి ఇంటా ఒకే కప్పు ఉండాలి. నిష్పత్తి దారికి చేతికందిన ఏ పాత్రయినా చాలు.

నిష్పత్తి కాలాన్ని ఎంత దూరం దాటగలదో మానసోల్లాసం చూపిస్తుంది. కాకతీయుల పూర్వీకులు సామంతులుగా కొలిచిన కల్యాణి చాళుక్యుల వంశంలో మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన ఈ సంస్కృత గ్రంథంలో, రాజనీతి, భోజనం, వినోదాలతో పాటు లోహ విగ్రహాల పోత కూడా ఉంది. ముందుగా విగ్రహాన్ని మైనంతో చేసి, దాని మీద మట్టి పూత పూసి ఆరనిచ్చి, వేడి చేసి మైనాన్ని కరిగించి బయటకు పంపి, ఆ ఖాళీలోకి కరిగిన లోహాన్ని పోయడాన్ని మైనపు అచ్చు పోత అంటారు. ఇందులో పనివాడిని భయపెట్టే ఘడియ ఒకటే. పోస్తుండగా మధ్యలో లోహం చాలకపోతే విగ్రహం భుజం దగ్గరో మెడ దగ్గరో ఆగిపోతుంది, అప్పటిదాకా చేసిన శ్రమంతా మట్టిపాలవుతుంది. కనుక మైనాన్ని ముందే తూచి, దాని బరువుకు ఇత్తడి, రాగి ఎనిమిది రెట్లు (కొన్ని పాఠాలలో పది రెట్లు), వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు సిద్ధం చేసుకోవాలని గ్రంథం చెబుతుంది.

ఈ అంకెలను ఇవాళ ఎవరైనా సరిచూసుకోవచ్చు. తేనెమైనం నీటి కంటే కొద్దిగా తేలిక, అదే పరిమాణంలో రాగి నీటికి దాదాపు 9 రెట్లు, వెండి 10.5 రెట్లు, బంగారం 19.3 రెట్లు బరువు తూగుతాయి. అంటే మైనంతో పోలిస్తే రాగి 9 రెట్లకు కాస్త పైన, వెండి 11 రెట్ల దగ్గర, బంగారం 20 రెట్ల దగ్గర ఉండాలి. రాగి గ్రంథంలోని రెండు పాఠాల నడుమ నిలుస్తున్నది, వెండి విషయంలో గ్రంథం చిందుకూ తరుగుకూ పోను కాస్త ఎక్కువే ఉంచుకోమంటున్నది, బంగారం మాత్రం తక్కువ పడుతున్నది. రాగి కలిసిన బంగారానికి బరువు తగ్గుతుంది కనుక కల్తీలేని బంగారంతో విగ్రహాలు పోయలేదేమోనని ఊహించవచ్చు. అది ఊహ మాత్రమే. తొమ్మిది శతాబ్దాల తర్వాత ఒక పాఠకుడు రాజు రాసిన పుస్తకంతో ఇంత సూటిగా వాదించగలగడం ఆ గ్రంథకర్త అంకె రాయడానికి వెనుకాడకపోవడం వల్లనే సాధ్యమైంది. పోత పవిత్రమైనదనీ కష్టసాధ్యమనీ మాత్రమే రాసి ఉంటే, వినయంగా తల ఊపడం తప్ప పాఠకుడికి మరో పని ఉండేది కాదు.

కొలత మోసాన్ని కూడా పడుతుంది. మైసూరులో ఆర్. శామశాస్త్రికి 1905లో చేరిన ప్రతి ఆధారంగా 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారాధ్యక్షుడి, అంటే ధాన్యపు కొట్ల అధికారి విధులను చెప్పే అధ్యాయం పూర్తిగా కొట్టులో నిలబడి రాసినట్టే ఉంటుంది. ఆరికలు, వడ్లు దంచితే సారం సగం వస్తుందని అందులో ఉంది. వంద కొలతలు దంపుడుకు ఇచ్చి ముప్పై తిరిగి వచ్చాయంటే మిగతా ఇరవై ఎటు పోయాయని అధికారి అడగగలడు. ఒక మనిషి భోజనానికి నూక లేని బియ్యం ఒక ప్రస్థం, అందులో నాలుగో వంతు పప్పు, పప్పులో పదహారో వంతు ఉప్పు అని లెక్క కట్టడమే కాక, నిల్వలో సగం ప్రజల ఆపత్కాలానికి ఉంచి తక్కిన సగమే వాడాలనీ, కొత్త ధాన్యం వచ్చినప్పుడు పాతదానిని మార్చాలనీ అది విధిస్తుంది. వంటింటి లెక్క, సేన లెక్క ఇక్కడ వేరువేరు శాస్త్రాలు కావు.

సైనిక సరఫరా, అంటే సేనకు తిండి, నీరు, మేత, మందుగుండు సమయానికి అందించే విద్య గురించిన పుస్తకాలను చదివేవారిలో అత్యధికులు జీవితంలో ఒక్క పటాలాన్ని కూడా నడిపించరు. అయినా వాటికి తరగని ఆదరణ ఉంది. అలెగ్జాండర్ సేన సరఫరా గురించి డొనాల్డ్ ఎంగెల్స్ 1978లో ప్రకటించిన చిన్న పుస్తకాన్ని పరిశీలిస్తే దీనికి కారణం బోధపడుతుంది. ఆయన లెక్కలో సైనికుడికి రోజుకు సుమారు 1.4 కిలోల ధాన్యం కావాలి. గుర్రానికి 4.5 కిలోల ధాన్యం, అంతే మేత, 30 లీటర్ల నీరు కావాలి; బరువు మోసే గుర్రం సుమారు 113 కిలోలు మోయగలదు. ఈ అంకెలు చేతికి వచ్చాక మిగతా లెక్క పాఠకుడు వేలి మీదే చేయవచ్చు. గడ్డి దొరకని నేలలో ఆ గుర్రం తన వీపు మీది బరువును తానే తింటూ నడిస్తే 12 రోజులు దాటేసరికి సైనికుడికి ఒక్క గింజ కూడా మిగలదు, నీరు కూడా దానిపైనే వేస్తే మూడు రోజులు కూడా గడవవు. మరిన్ని గుర్రాలు చేరిస్తే తినే నోళ్ళు కూడా చేరతాయి. క్రీ.పూ. 325లో మక్రాన్ ఎడారిలో ఆ సేన ఎందుకు అంతగా నశించిందనే ప్రశ్న ఇక్కడ కొత్తగా కనిపిస్తుంది. సముద్రం మీద తిండి తేవలసిన ఓడలను రుతుపవనాల గాలి ఆపివేసిందనీ, అసలు ఆపద అదేననీ ఎంగెల్స్ వాదించాడు. ఆయన అంకెలను తర్వాతి పండితులు కొందరు తప్పుపట్టారు, ఆ తప్పుపట్టడం కూడా ఆయన అంకెలను బయట పెట్టినందువల్లనే వీలైంది. లక్షల సేన కదలి వెళ్ళిందనే వర్ణన ఏ చరిత్రలో కనిపించినా ఈ పుస్తకం చదివినవాడు మొదట గుర్రం మేత గురించి ఆలోచిస్తాడు.

కొలత ఎంత సరైనదైనా పనివారి మాటలో లేకపోతే అందదు. గనుల విద్య మీద అగ్రికోలా లాటిన్‌లో రాసిన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడు, 1556లో అచ్చయింది. గనిలో వాడే మాటలు లాటిన్‌లో లేక ఆయన సొంతంగా కల్పించుకున్నందున, ఆ మాటల అర్థం తేల్చడం తర్వాతివారికి కష్టమైంది. 1912లో దానిని ఆంగ్లంలోకి తెచ్చిన హెర్బర్ట్ హూవర్, లూ హెన్రీ హూవర్ దంపతులకు భాషతో పాటు గనులు తెలిసి ఉండడం వల్ల ఆ పని జరిగింది. తెలుగులో వ్యవసాయ కరపత్రాలు లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్ల మందని చెబుతాయి, రైతు మాత్రం ట్యాంకుకు ఇన్ని మూతలని కలుపుతాడు. ఆ రెండింటి నడుమ వేయవలసిన లెక్కను కరపత్రమే వేసి పెడితే పంటకూ మనిషికీ కూడా మేలు.

మన చేతిపనుల మీద వచ్చే పుస్తకాలలో లోటు ఇంతకంటే పెద్దది. కలంకారీ గురించి అందమైన రంగుల బొమ్మలతో, చరిత్రతో, ప్రశంసలతో రాసిన పుటలు ఎన్నో ఉన్నాయి. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడుపుతారని వాటిలో చాలావరకు చెబుతాయి. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరవేసి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా తేలుతుందనీ చెబుతాయి. పాలలోని కొవ్వు రంగును గుడ్డ పోగుల వెంట పాకనీయకుండా పట్టి ఉంచుతుందని కొన్ని చెబుతాయి. ఎంత గుడ్డకు ఎన్ని పాలు, ఎన్ని కరక్కాయలు, ఇనుము ఎన్నాళ్ళు ఊరాలి, ఊరిందని దేనిని బట్టి పోల్చుకోవాలి అనేవి మాత్రం అరుదుగా కనిపిస్తాయి. శ్రీకాళహస్తిలో ఆ కొలత ఇప్పటికీ కలం పట్టినవారి చేతుల్లో ఉంది. అది అచ్చులోకి రావాలంటే రాసేవారు పాలు సరిపోయిన గుడ్డ ముక్కను, పాలు తగ్గిన గుడ్డ ముక్కను పక్కపక్కన పరిచి, రెండింటి మీదా ఒకే కలంతో గీత గీయించి, రెండో గీత ఎంత దూరం పాకిందో స్వయంగా కొలిచి రాయాలి.