ఎండుగడ్డి మీద నిలిచిన లోయ

సినిమాలు మనకు అమెరికా పశువుల కాపరిని గుర్రంతో, తాడుతో, తుపాకీతో చూపించాయి. వయోమింగ్ రాష్ట్రంలో టీటన్ పర్వతాల పక్కనున్న జాక్సన్ హోల్ లోయలో తొలితరం ర్యాంచి కుటుంబాలు ఎలా బతికాయో చదివినకొద్దీ నాకు కనిపించేది వేరు: ఎండుగడ్డి. అక్కడ పశువుల పెంపకంలో అసలు విద్య గడ్డి పెంచి, కోసి, ఎండబెట్టి, చెడకుండా దాచడం. తాడు విసరడం ఆ తర్వాతి మాట.

జాక్సన్ ఊరే సముద్రమట్టానికి 6,200 అడుగుల పైన ఉంది. మంచు నెలల తరబడి కరగదు. నడివేసవిలో కూడా ఏ రాత్రయినా నీళ్లు గడ్డకట్టే చలి దిగవచ్చు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు కాపురముండి, ఇల్లు కట్టి, సాగు చేసినవాళ్లకు 160 ఎకరాలు సొంతమయ్యేవి. వానలు పడే మైదానాల్లో ఆ చెక్క ఒక కుటుంబానికి సరిపోయేదేమో కానీ, ఇక్కడ చాలదు. అయినా 1884లో జాన్ హాలండ్, జాన్ కార్న్స్ వచ్చి తొలి హోమ్‌స్టెడ్లు వేశారు. ఆ నేల ఎవరూ లేని నేలేమీ కాదు. షొషోని, బానక్ తెగలవాళ్లు తరతరాలుగా అక్కడ వేటాడేవారు. 1868 ఒప్పందం వాళ్లకిచ్చిన వేట హక్కు చెల్లదని 1896లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొత్త కుటుంబాల కష్టాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ అన్యాయాన్ని మరచిపోకూడదు.

గడ్డి ఎందుకంత ముఖ్యమో 1886–87 చలికాలం నేర్పింది. తూర్పున మైదానాల్లో పెద్ద మందల యజమానులు పశువులను ఏడాది పొడవునా బయళ్ల మీదే వదిలేసేవారు. ఆ ఏడు మంచు గట్టిపడి మేత అందక మందలకు మందలే చచ్చాయి. దాంతో మేత దాచుకోనివాడికి పశువులు దక్కవని అందరికీ తెలిసొచ్చింది. చలికాలం గట్టెక్కాలంటే ఒక్కో ఆవుకు సుమారు రెండు టన్నుల ఎండుగడ్డి కావాలి. అందుకే వేసవిలో మందను కొండల మీదకు తోలేసి, లోయలోని సొంత పొలాన్ని గడ్డికే అట్టిపెట్టేవారు.

గడ్డికి నీళ్లు కావాలి. నీళ్లు తెచ్చే పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది మార్మన్ రో అనే చిన్న ఊరు. 1890లలో మొదలైన ఈ ఊళ్లో మార్మన్ మతస్థులు విసిరేసినట్టు దూరదూరంగా కాక, ఒకే బాట వెంట ఇళ్లు కట్టుకున్నారు. సేజ్‌బ్రష్ పొదలు పెరికి, గ్రో వాంట్ నది నుంచి కాలువలు తవ్వారు. వాలు ఎక్కువైతే నీరు గట్లను కోసేస్తుంది, తక్కువైతే ముందుకు సాగదు. ఆ వాలును గుర్రాలు లాగే పారలతో, చేతి పనిముట్లతోనే సాధించారు. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదది. కాలువ తవ్వకం, పూడిక తీత, నీళ్ల వంతు అన్నీ ఉమ్మడిగా నడిచాయి. ఆ నీటితోనే అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం, తొంభై రోజుల్లో చేతికొచ్చే ఓట్స్ పండాయి.

ఇక కోత. గుర్రాలు లాగే యంత్రంతో కోసి, ఆరబెట్టి, వరసలుగా పోగుచేసి, మంచు పడేలోగా వాము వేయాలి. ఇలాంటి లోయల కోసమే మోంటానాలోని బిగ్ హోల్ లోయలో ఇద్దరు రైతులు ఒక సాధనం కనిపెట్టి 1910లో పేటెంటు తీసుకున్నారు. పేరు బీవర్‌స్లైడ్. దుంగలతో, పలకలతో కట్టిన ముప్పై అడుగుల ఏటవాలు చట్రమది. అడుగున ఉన్న బుట్టలోకి గడ్డిని నెడతారు. కప్పీల మీదుగా సాగే తాడును గుర్రాలు పక్కకు లాగుతుంటే బుట్ట పైకెక్కి, అవతలి వైపు గడ్డిని కుమ్మరిస్తుంది. వాము మీద ఉన్నవాళ్లు పంగలకర్రలతో పరిచి, అంచులు తొక్కి, నడుమ ఎత్తుగా పేరుస్తారు. మన పల్లెల్లో గడ్డివాము వేసే చేతులకు ఆ సూత్రం తెలుసు: నడిమధ్య పల్లమైతే నీరు దిగి వాము కుళ్లిపోతుంది. అదను చూసి వేసిన వాము ఒక చలికాలం దాటి మరుసటి ఏడు కూడా పనికొస్తుంది. చలికాలమంతా ఆ గడ్డినే రోజూ చక్రాల్లేని స్లెడ్జి బండి మీద వేసుకెళ్లి, మంచు మీద బారుగా పరిచి మందకు మేపేవారు.

అమెరికా పడమటి ప్రాంతంలో పశువులు ఆరుబయటే ఉండేవి. కొట్టం గుర్రాలకూ పాడి ఆవులకూ, పైన అటక గడ్డికీ. మార్మన్ రోలోని టి. ఎ. మోల్టన్ కొట్టాన్ని ఆ కుటుంబం కలిగినప్పుడల్లా కొంత చొప్పున ముప్పై ఏళ్లు కట్టింది. ఇళ్లూ అంతే పొదుపు. 1890 ప్రాంతంలో పియర్స్, మార్గరెట్ కనింగ్‌హాం దంపతులు కట్టిన దుంగల ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది: రెండు గదులు, నడుమ పైకప్పున్న వసారా, మట్టి కప్పు.

ఆడవాళ్ల పని లేనిదే ఇదేదీ సాగేది కాదు. దుంపల నేలమాళిగ, వెన్న, అడవి పళ్ల నిల్వలు, గడ్డికోత మనుషులకు వంట, సగం వైద్యం వాళ్ల చేతిలోనే ఉండేవి. ఒంటరి ఆడవాళ్లకూ చట్టం భూమి ఇచ్చింది. 1912లో హోమ్‌స్టెడ్ వేసిన జెరాల్డిన్ లూకస్ 1924లో, యాభై ఎనిమిదో ఏట గ్రాండ్ టీటన్ శిఖరం ఎక్కింది. 1920లో జాక్సన్ ఊరు మేయర్ సహా మొత్తం పాలకమండలికి ఆడవాళ్లనే ఎన్నుకుంది. అందులో రోజ్ క్రాబ్‌ట్రీ గెలిచింది సొంత భర్త మీదే. ఇంటి బరువు సగానికి పైగా మోసినవాళ్లకు ఊరి బరువు అప్పగించడం ఆ లోయకు వింతగా తోచి ఉండదు.

గడ్డి వాముల మీదకు ఇంకో ఆకలి కూడా వచ్చేది. చలికాలంలో లోయకు దిగే ఎల్క్ జింకలు మేత లేక వేలల్లో చచ్చేవి, దొరికిన వాము మీద పడేవి. తమ పశువులకే చాలని గడ్డిలోంచి రైతులు కొంత తీసి వాటికి వేశారు. 1912లో అక్కడ జాతీయ ఎల్క్ శరణాలయం ఏర్పడింది.

1925లో పియర్స్ కనింగ్‌హాం మరో రైతుతో కలిసి, ఈ భూములను ప్రజల విహారం కోసం కొనాలంటూ పిటిషన్ తిప్పాడు. తొంభై ఏడుగురు సంతకం చేశారు. 1929లో గ్రాండ్ టీటన్ పార్కు ఏర్పడి, 1950లో లోయ నేలను కూడా కలుపుకుంది. తర్వాత చాలా పాత ఇళ్లు కూల్చేశారు. అది పెద్ద నష్టమే. మిగిలిన మార్మన్ రో 1997లో జాతీయ చారిత్రక జాబితాకెక్కింది. అక్కడికి వెళ్లే తెలుగు కుటుంబాలు మోల్టన్ కొట్టం ముందు ఫోటో దిగడంతో సరిపెట్టుకోకుండా, ఆ పొలాల్లో పాత కాలువల జాడ కూడా పిల్లలకు చూపించాలి. కొట్టం తర్వాత వచ్చింది, కాలువ ముందు.